గేటు బుక్కులో రావల్కోల్

నెలకు నా చేతికి రావాల్సిన జీతం పదిహేడు వేల మూడు వందల ఎనభై ఏడు రూపాయలు. ఈ ఒక్క ముక్క ధీమాగ చెప్పనీకి నాకు ఐదు నెలలు పట్టింది. ఇంతకంటే తొందరగ డిగ్రీల స్టాటిస్టిక్స్ పాసయిన.

నౌకరిల చేరినప్పుడు నాకిచ్చిన కాగితం మీద నెలకు ఇరవై రెండు వేల ఐదు వందలు అని ఉండె. ఇంట్ల అదే చెప్పిన. అమ్మ వాడకట్టంత చెప్పింది. మొదటి నెల కాంగనే ఫోనుకు మెసేజ్ వచ్చింది: పదిహేడు వేల మూడు వందల ఎనభై ఏడు. మిగతాది సాయంత్రం పడుతదేమో అని చూసిన. పడలే. తెల్లారి గూడ చూసిన. బ్యాంకుకు సిగ్గన్న ఉండాలె, నాకన్న ఉండాలె అనుకొని ఇగ చూసుడు బంద్ చేసిన.

మాది మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాల మందులకు అట్టపెట్టెలు అచ్చేసే కంపెనీ. అచ్చుల తప్పులు పట్టుడు నా పని. పెట్టె మీద ఒక చుక్క పక్కకు జరిగితే పట్టుకుంట. జీతంల అయిదు వేలు పక్కకు జరిగితే మాత్రం శామీర్‌పేట దాంక పోవాలె. ఎందుకంటే జీతాలు చేసే ఆఫీసు అక్కడున్నది. పోను రాను పెట్రోలు నూరు రూపాయలు. అంటే అనుమానానికి నూరు చొప్పున పడుతది.

ఆ ఆఫీసుల ఒక మేడమ్ ఉంటది. నాకంటే నాలుగైదేండ్లు పెద్దదేమో. ఎవ్వలి మీద గొంతు లేపదు. ఆమె చెప్పే జవాబులన్నీ సరైనవే ఉంటయి. అదే నా బాధ.

"ఇరవై రెండు వేల ఐదు వందలు మీ జీతం కాదండి. మీ మీద కంపెనీకి అయ్యే ఖర్చు" అన్నది.

మా బాపు గూడ చిన్నప్పటి సంది నా మీద అయిన ఖర్చు చెప్తనే ఉంటడు. కాని దాన్ని నా సంపాదన అని ఎన్నడు అన్లే.

మేడమ్ కాగితం నా దిక్కు తిప్పి లెక్క చూపించింది. అందుల నా అసలు జీతం పందొమ్మిది వేలే. మిగిలిన మూడున్నర వేలల్ల కంపెనీ నా పేరున కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నయి. ఏడాదికొకసారి ఇచ్చే బోనస్ ఉన్నది. అయిదేండ్లు కదలకుండ పనిచేస్తే వచ్చే గ్రాట్యుటీ ఉన్నది. ఇవన్నీ తీసేస్తే ఇంకో నూట పదిహేడు రూపాయలు తేలినయి. అదేందని అడిగిన.

"ఇన్సూరెన్స్."

"అది నాకెప్పుడు వస్తది మేడమ్?"

"మీకు రాదు. మీ నామినీకి వస్తుంది."

అంటే ఆ నూట పదిహేడు వసూలు కావాల్నంటే నేను ముందు పోవాలె. సరే, దాన్ని ఇడిసిపెట్టిన. పందొమ్మిది వేలల్ల నా వంతు పీఎఫ్ పదమూడు వందల ఇరవై, ఈఎస్‌ఐ నూట నలభై మూడు, వృత్తి పన్ను నూట యాభై పోతే పదిహేడు వేల మూడు వందల ఎనభై ఏడు. ఫోన్ల మూడుసార్లు కొట్టి చూసిన. మూడుసార్లు అదే వచ్చింది. లెక్క సరిపోయినంక కొట్లాడనీకి ఏముంటది? ఉత్త చేతులతోటి మర్లొచ్చిన. రెండో నెల గూడ అంతే పడ్డది. మనసుకు సమజ్ చేసుకున్న.

గప్పుడే బెండకాయ కాతకొచ్చింది.

మా ఊరు రావల్కోల్. బాపు ఎకరం బెండ పెట్టిండు. బెండకాయకు ఓపిక ఉండదు, ఒక్కరోజు ఆగినా ముదురుతది. అందుకని వారానికి మూడుసార్లు తెంపాలె: ఆదివారం, బుధవారం, శుక్రవారం. తెంపనీకి ఇద్దరు ఆడమనుషులు కూలికొస్తరు. ముగ్గురు కావాలె. ఆ మూడో మనిషిని నేను. పొద్దున అయిదున్నరకు చేన్ల దిగితే ఎనిమిదింటికి బయటపడుత. గబగబ నాలుగు చెంబులు పోసుకొని, ఇంత తిని, బండి మీద మేడ్చల్ ఉరుకుత.

బెండ చెట్టుకు నూగు ఉంటది. చేతులు మండుతయి, దురద పెడుతయి, వేళ్ళ కొనలు ఉబ్బి గరుకు కాగితం లెక్క అయితయి. గ్లౌజులు ఏసుకుంట అంటే బాపు ఒప్పుకోలే.

"గ్లౌజులు ఏసుకుంటే లేత కాయేదో ముదురు కాయేదో చేతికెట్ల తెలుస్తది?" అన్నడు.

"కండ్లతోటి చూస్త బాపు."

"కండ్లతోటి చూసినోనివే నౌకరిల ఇరవై రెండు వేలు చూసినవు."

ఇగ ఉత్త చేతులతోటే తెంపిన.

కంపెనీ గేటు దగ్గర వేలిముద్ర మిషన్ ఉంటది. లోపలికి పోయేటప్పుడొకసారి, బయటికి పోయేటప్పుడొకసారి వేలు పెట్టాలె. బెండకాయ తెంపొచ్చిన పొద్దున నేను వేలు పెడితే చానసార్లు ఎర్రలైటు వెలుగుతది. ప్లీజ్ ట్రై అగేన్ అని ఒక ఆడగొంతు చెప్తది. ఉన్న పది వేళ్ళు పెట్టి చూస్త. పదిసార్లు గదే మాట, గదే మర్యాద. సాయంత్రానికి వాపు తగ్గుతది గనుక వెంటనే పట్టి థాంక్యూ అంటది. నేను వస్త అంటే వద్దనుడు, పోత అంటే థాంక్యూ అనుడు. మిషన్‌ను అనుడేంది, మా చుట్టాలల్ల గూడ అసొంటోళ్ళున్నరు.

మిషన్ పట్టనోళ్ళ కోసం గేటు మీదుండే సెక్యూరిటీ పెద్దాయన బుక్కుల రాస్తడు. ఆయనది కౌకూర్. ఆదివారం చర్చిల ప్రకటనలు చదివేది ఆయనేనట. ఆయన దస్తూరి చూస్తే నిజమే అనిపిస్తది, ఒక్క అక్షరం కొట్టివేత ఉండదు. ఆయన మనిషిని ఊరుపేరుతోటే పిలుస్తడు.

"ఏం రావల్కోల్, ఇయ్యాల గూడ గుర్తుపట్టలేదా నిన్ను?"

"మీరు గుర్తుపట్టిన్రు గదా అంకుల్, చాలు."

"నేను రాసుకుంట గాని, నువ్వు పో లోపలికి. తొమ్మిదైతాంది."

నేను లోపలికి పోయేటోన్ని. అక్కడికి నా బాధ్యత అయిపోయిందనుకున్న.

మూడో నెల జీతం పదహారు వేల ఐదు వందల పది పడ్డది. ఏదో పండుగ చందా పట్టుకున్నరేమో అనుకొని ఊకున్న. నాలుగో నెల పదిహేను వేల తొమ్మిది వందల ఇరవై ఆరు పడ్డది. ఆ దినం అన్నం కాడ బాపుకు చెప్పక తప్పలే, ఎందుకంటే బాపే అడిగిండు.

"నెల నెల తగ్గుకుంట పోతాంది గదరా. ఇంకో రెండేండ్లయితే నువ్వే వాళ్ళకు ఎదురు కట్టాలె."

"ఏదో మిస్టేక్ అయింది బాపు. అడుగుత."

"అడుగు. వచ్చే జీతం నాటికి లెక్క తేలాలె. తేలకుంటే నౌకరి బంద్. పొద్దందాక చేన్ల ఉండు. నాకొక కూలి మనిషన్న తగ్గుతది."

బాపు కోపంల అన్న మాటలు మర్చిపోతడు. ఇది మాత్రం మజ్జిగ పోసుకుంట సల్లగ అన్నడు. అట్ల అన్నయి మర్చిపోడు. నాకు నౌకరి మీద పెద్ద ప్రేమేమీ లేదు. కాని బెండకాయ మీద అసలే లేదు. నౌకరిల నీడున్నది, ఫ్యానున్నది, అట్టపెట్టెకు నూగుండదు. దాన్ని కాపాడుకోవాలె.

"లెక్క కాగితమేది?" అని అడిగిండు.

"ఫోన్ల ఉన్నది."

"ఫోన్ల ఉన్నదాన్ని ఎట్ల నమ్ముతరు? కాగితం తే."

జిరాక్స్ దుకాణంల పది రూపాయలిచ్చి తీయించిన. జీతం తగ్గిందని రుజువు చేసుకోనీకి జీతంల నుంచి ఇంకో పది. ఆ కాగితం మీద ఎల్.ఓ.పి. రెండున్నర రోజులు, పదిహేను వందల ఎనభై మూడు అని ఉన్నది. ఎల్.ఓ.పి. అంటే నువ్వు రాలే గనుక జీతమియ్యం అని. ఇగ తల గోడకు కొట్టుకోవాలె. నేను ఒక్కపూట గూడ ఎగ్గొట్టలే. జరమొచ్చిన రోజు గూడ పోయిన, గోలీల పెట్టెల మీద గోలీల పేర్లు చదువుకుంట కూసున్న.

దాని మీద ఇంకో తిరకాసు. కోసింది పదిహేను వందల ఎనభై మూడు, నాకు తక్కువ పడ్డది పధ్నాలుగు వందల అరవై ఒకటే. బాపు పట్టుకుండు.

"నూట ఇరవై రెండు ఏడికి పోయింది?"

నేను చెవుల మీద చేతులు పెట్టుకొని అరగంట లెక్క చేసిన. జీతం తగ్గింది గనుక పీఎఫ్ నూట పది తగ్గింది, ఈఎస్‌ఐ పన్నెండు తగ్గింది.

"అంటే కొట్టినంక మందు రాసిన్రన్నట్టు" అన్నడు బాపు.

మళ్ళ శామీర్‌పేట. మళ్ళ నూరు. మేడమ్ కంప్యూటర్ చూసి, నా హాజరు కాగితం తీసిచ్చింది. అయిదు తారీఖుల ఎదురుంగ సగం రోజు అని ఉన్నది: మూడు, అయిదు, పది, పన్నెండు, పందొమ్మిది.

"ఈ అయిదు రోజులు మీ ఇన్ పంచ్ లేదు. ఔట్ మాత్రమే ఉంది. అందుకే సిస్టమ్ హాఫ్ డే తీసుకుంది."

"లోపలికి రాకుండ బయటికెట్ల పోయిన మేడమ్?"

"సిస్టమ్‌లో అట్లనే ఉందండి."

"గేటు బుక్కుల రాసిన్రు మేడమ్."

"గేటు రిజిస్టర్ ఫొటోలు మాకు ప్రతి నెలా వస్తాయి. నేను మొత్తం చూశాను. మీ పేరు ఎక్కడా లేదు."

గొంతు లేపకుండ చెప్పింది. ఒర్రినా బాగుండు, నేను గూడ ఒర్రేటోన్ని.

ఇంటికొచ్చి ఆ కాగితం బాపు ముందట పెట్టిన. బాపు కండ్లద్దాలు పెట్టుకొని చానసేపు చూసిండు. తర్వాత లేసి, తలుపు వెనుక మేకుకు వేలాడే తీగ పట్టుకొచ్చిండు. ఆ తీగకు తక్‌పట్టీలు గుచ్చి ఉంటయి. కూరగాయలు మార్కెట్‌కు పోయినంక దళారి రాసిచ్చే చిట్టి అది. ఎన్ని కిలోలు, ఏం ధర, అందుల కమీషనెంత, హమాలీ ఎంత, బండి కిరాయెంత, ఆఖరుకు రైతు చేతికొచ్చేదెంత, అన్నీ దాని మీద ఉంటయి. బాపు పుట్టినకాన్నుంచి చేతికొచ్చే లెక్కే చూస్తున్నడు. మేమే ఆయనకు జీతం కాగితం సమజ్ కాదనుకున్నం.

ఒక్కొక్క చిట్టి జరుపుకుంట, నా కాగితం మీద తారీఖులు చూసుకుంట పోయిండు. మూడుకు ఒక చిట్టి. అయిదుకు ఒకటి. పది, పన్నెండు, పందొమ్మిది.

"గివన్ని మనం బెండకాయ తెంపిన దినాలేరా" అన్నడు.

నా కుడిచెయ్యి పట్టుకొని వేళ్ళు తిప్పి చూసిండు. బొటనవేలుతోటి నా వేలికొన రుద్దిండు. ఆయన బొటనవేలు గూడ అంతే గరుకున్నది గనుక ఏం తెలిసిందో తెల్వదు. కుక్కర్ కూత పెట్టింది, అమ్మ పొయ్యి బంద్ చెయ్యుమని ఒర్రింది.

ఇగ బాపు గెలిచిండనుకున్న. చేనూ నౌకరీ రెండూ ఒక్క చేతితోటి కావని ఇంత పక్కా రుజువు ఆయనకు మళ్ళ దొరకది. కాని ఆయన ఆ మాటే ఎత్తలే.

"గేటు కాడ రాసేటాయన రాసిండంటివి గద. ఆ బుక్కు నువ్వు చూసినవా?"

"మేడమ్ చూసిందట."

"నువ్వు చూసినవా?"

"లే."

"తక్‌పట్టీ చూడకుండ నేను ఎన్నడన్న పైసలు తీస్కున్ననారా? పోయి చూడు."

తెల్లారి గేటు కాడ అంకుల్‌ను బుక్కు అడిగిన. మేడమ్ అన్న మాట చెప్తే ఆయనకు రోషమొచ్చింది.

"రాయలేదా? నేనా? ఇగో చూడు."

వేలు పెట్టి చూపించిండు. మూడో తారీఖు. ముత్యాలసొంటి అక్షరాలు. పైన గమ్ము డబ్బాల వ్యాను. కింద డీజిల్ బండి. నడుమ: రావల్కోల్, ఒకటి, ఎనిమిదీ యాభై రెండు, లోపలికి.

"అంకుల్, ఇదేంది?"

"నువ్వే."

"నా పేరు రాయాలె గదా!"

"నీ పేరుతోటి లోపల నలుగురున్నరు. రావల్కోల్ నుంచి వచ్చేటోడివి నువ్వొక్కనివే. దేంతోటి గుర్తుపడుతరు చెప్పు?"

నిజమే. మేడ్చల్ గేటు కాడ దాన్ని మించిన గుర్తు లేదు. శామీర్‌పేట ఆఫీసుల మాత్రం అది మనిషి కాదు.

"ఇందుల బండ్లెందుకున్నయి?"

"మనుషుల బుక్కు అయిపోయింది. కొత్తదానికి రాసిచ్చి మూడు నెలలాయె. వచ్చేదాంక రెండు దీంట్లనే."

ఆ బుక్కు గేటు దాటి పోవద్దట, అది రూలు. దొరికిన ప్రతి రావల్కోల్‌ను ఫోన్ల ఫొటో కొట్టుకున్న. మూడో నెలయి మూడు, నాలుగో నెలయి అయిదు, మొత్తం ఎనిమిది. ఎనిమిది సగాలు, నాలుగు రోజులు, రెండు వేల ఐదు వందల ముప్ఫై మూడు రూపాయలు. మూడో నూరు పెట్రోలు పోసి శామీర్‌పేట పోయిన.

మేడమ్ ఫొటోలు పెద్దగ చేసి చూసింది. మొదటిసారి ఆమె మొఖంల ఏదో మారింది.

"ఇది మీరా?"

"నేనే మేడమ్."

"మేం బండి అనుకున్నాం."

"రావల్కోల్ నుంచి ఏం సరుకొస్తదనుకున్నరు?"

ఆమె జర తటపటాయించింది. "స్టోర్స్ వాళ్ళకు మెయిల్ కూడా పెట్టానండి. రావల్కోల్ బండి వారానికి రెండుసార్లు లోపలికి వస్తోంది, బిల్లు రావట్లేదని."

"ఆ బిల్లు కోసమే వచ్చిన మేడమ్."

నవ్విందో దగ్గిందో తెల్వది, మొఖం కంప్యూటర్ వెనుకకు పెట్టింది. తర్వాత మళ్ళ రూలు. రావల్కోల్ అంటే నేనే అని సెక్యూరిటీ రాసియ్యాలె. మిషన్ నన్నెందుకు పట్టలేదో నేను రాసియ్యాలె. నేను బెండకాయ అని రాసిన. సిస్టమ్ల కారణాలు నాలుగే ఉన్నయట, అందుల బెండకాయ లేదు. మెడికల్ అని నొక్కింది.

అంకుల్ తెల్లకాగితం మీద, చర్చిల చదివేటంత గంభీరంగ, రావల్కోల్ అనగా ఈ అబ్బాయే అని రాసి సంతకం పెట్టిండు. పైన నాగారం మేడమ్ గారికి అని రాసిండు. నాలుగో నూరు పోసుకొని పోయి ఇచ్చిన.

"నాగారం మేడమ్ ఎవరు?" అని అడిగింది ఆమె.

నేను ఫ్యాను దిక్కు చూసిన. ఆమె ఇల్లు నాగారంల అని నాకు అంతకుముందు తెల్వది. ఆమెకు మాత్రం తెలిసే ఉంటది.

ఆ తర్వాత బుధవారం నాకు మెలకువ వచ్చేసరికి ఏడున్నర. ఎవ్వలు లేపలే. ఉరికి చేనుకు పోయి చూస్తే సాళ్ళల్ల ముగ్గురు ఆడమనుషులు తెంపుతున్నరు. మూడో మనిషి కొత్తామె.

"లేపలేదేంది బాపు?"

"నీకు డ్యూటీ ఉన్నది గద" అన్నడు, నేనేదో కొత్తగ చేరినట్టు.

ఐదో నెల జీతం పడ్డది. పందొమ్మిది వేల ఆరు వందల డెబ్భై అయిదు. కాగితం తీయించుకొని పోయిన. కోసిన నాలుగు రోజులు కలిసినయి, ఎల్.ఓ.పి. కాడ సున్న. బాపు వరుసగ చదివి ఒక్కకాడ ఆగిండు.

"గీ వృత్తి పన్ను నెల నెల నూట యాభై గద. రెండు వందలేంది?"

నేను చూడనే లేదు. లెక్క తీస్తే తేలింది: పాత బాకీ అంత ఒక్కనెలల పడేసరికి జీతం ఇరవై వేలు దాటింది, దాటితే పన్ను రెండు వందలు. నాకు తక్కువిచ్చి, మళ్ళ ఇచ్చి, ఇచ్చినందుకు యాభై కోసిన్రు.

"పోయి అడుగు."

"యాభై రూపాయల కోసం నూరు రూపాయల పెట్రోలా?"

"లెక్క లెక్కేరా."

నాకు మండింది. ఇగ ఆగలే. "లెక్కంటే నేను చెప్త విను. నాకు నెలకు పోయింది పధ్నాలుగు వందల అరవై ఒకటి. నువ్వు నా జాగల మనిషిని పెట్టి పూటకు మూడు వందల యాభై ఇస్తున్నవు. ఆదివారాలు ఇడిసిపెడితే నెలకు ఎనిమిది పూటలు. రెండు వేల ఎనిమిది వందలు. నా పధ్నాలుగు వందలు మిగిలిచ్చనీకి నువ్వు రెండు వేల ఎనిమిది వందలు పెడుతున్నవు. ఇదేం లెక్క?"

బాపు కండ్లద్దాలు తీసి అంగీ జేబుల పెట్టుకున్నడు.

"అది చేను లెక్క. ఇది నౌకరి లెక్క. రెండు కలపకు."

అని, తలుపు వెనుక నుంచి తీగ అందుకొని, నా జీతం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బుధవారం తక్‌పట్టీ మీద గుచ్చిండు.